వాక్యం మధ్యలో పద్యం

తెలుగులో సాహిత్య విమర్శ రాసేవాళ్ళు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. "రాయబారానికి బయలుదేరుతున్న కృష్ణుడితో ద్రౌపది" అంటూ ఒక వాక్యం మొదలుపెడతారు. అక్కడ ఆగి పద్యం మొత్తం ఎత్తి రాస్తారు. పద్యం అయిపోయాక కింది పంక్తిలో "అని తన అవమానాన్ని గుర్తుచేస్తుంది" అంటూ వాక్యం ముగిస్తారు. కర్త పద్యానికి పైన, క్రియ పద్యానికి కింద. నడుమ నాలుగు పాదాలు ఉన్నా అది ఒక్కటే వాక్యం, ఒక్కటే పేరా. ఇంగ్లీషులో రాసేవాడు "అన్నాడు" అనే మాట ముందే చెప్పేసి, రెండు చుక్కలు పెట్టి, పద్యం దించి చేతులు దులుపుకోవచ్చు. మన వాక్యంలో క్రియ చివరికి గాని రాదు. ఎదుటివాడి మాటని "అని" అనే రెండక్షరాల పదం వెనకనుంచి వచ్చి పట్టుకుంటుంది.

ఈ వ్యాసం ఆ "అని" గురించి. పాఠాన్ని కంప్యూటరులో దాచడానికి మనం వాడుతున్న పద్ధతుల్లో చాలావాటికి ఈ "అని" అర్థం కాదు. దాన్ని కొన్ని కొత్త పేరాగా లెక్కేస్తాయి, కొన్ని ఏ పేరాకీ చెందని అనాథని చేస్తాయి, ఒకటయితే ఏకంగా కవిగారి నాలుగో పాదంలో కలిపేస్తుంది. నేను వృత్తిరీత్యా సాఫ్టువేరు ఇంజనీరుని. చదివింది ఇంజనీరింగే గాని సాహిత్యంలో పట్టా ఏదీ లేదు. అయినా పుస్తకాన్ని విమర్శించినట్టే పుస్తకాన్ని మోసే పద్ధతిని కూడా విమర్శించవచ్చు గదా అన్న ధైర్యంతో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పాఠంలో ఏ భాగం ఏమిటో యంత్రానికి తెలియడానికి మధ్యమధ్య పెట్టే గుర్తుల్ని మార్కప్ అంటారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఉదాహరణ అని చెప్పడమే దాని పని. వెబ్ పేజీ, ఈ-బుక్, వర్డ్ ఫైలు – వీటన్నిటి లోపలా ఏదో ఒక రకం గుర్తులు ఉంటాయి. పాఠకుడికి అవి కనిపించవు, వాటి ఫలితం మాత్రం కనిపిస్తుంది.

అచ్చుపుస్తకం నేర్పిన పాఠం

కంప్యూటరు రాకముందే మనకి ఇలాంటి గుర్తులు ఉన్నాయి. పాత అచ్చు భారతమో భాగవతమో తెరిచి చూడండి. ప్రతి పద్యానికీ మొదట ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది: క., ఉ., చ., సీ., తే., వ. కందం, ఉత్పలమాల, చంపకమాల, సీసం, తేటగీతి, వచనం. చిన్నప్పుడు వీటిని పద్యానికి అంటించిన చీటీలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అవి శుద్ధమయిన మార్కప్.

ఎందుకంటే "క." అనే గుర్తు "ఎడమపక్క అంగుళం వదులు, అక్షరం లావుగా వెయ్యి" అని చెప్పదు. "ఇది కందం" అని చెబుతుంది. అంత చెబితే చాలు, మిగిలినది చదువరికే తెలుస్తుంది: నాలుగు పాదాలుంటాయి, ఒకటీ మూడూ పొట్టివి, రెండూ నాలుగూ పొడుగువి, నాలుగింటికీ ప్రాస కలుస్తుంది. "సీ." అని ఉంటే నాలుగు పాదాలతో పని అయిపోలేదని, కింద ఒక గీతపద్యం ఉండి తీరాలని అర్థం. ఎలా కనిపించాలన్నది కాక అసలు ఏమిటన్నది చెప్పే గుర్తు ఇది. సరిగ్గా ఈ సూత్రంతోనే 1969లో ఐ.బి.ఎం.లో ఛార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనే ముగ్గురు జి.ఎం.ఎల్. అనే పద్ధతిని రూపొందించారు. అది పెరిగి పెద్దదయి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. నేటి వెబ్ పేజీల భాష హెచ్.టి.ఎం.ఎల్. ఆ వంశంలోనే పుట్టింది.

ఇంకో మెట్టు వెనక్కి వెళితే తాళపత్రాలు. తాటాకు మీద పంక్తి ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగిపోతుంది, దారం గుచ్చే కన్నం దగ్గర మాత్రం కాస్త తప్పుకుంటుంది. పాదానికి ఒక పంక్తి అనే నియమం లేదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. అయినా చదివేవాడికి పాదం ఎక్కడ ముగిసిందో తెలిసేది. గణాలు చెబుతాయి, యతి చెబుతుంది, ప్రాస చెబుతుంది. అంటే పద్యానికి నిర్మాణం ఉంది గాని ఆ నిర్మాణం కంటికి కనిపించే అమరికలో లేదు. అమరిక తరువాత వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేది తేలికగా అర్థమవుతుంది.

చంపూకావ్యంలో "వ." అని గుర్తున్న వచనాన్ని మనం పేరా అనుకోవడం కూడా పొరపాటే. అది రెండు మాటలే ఉండవచ్చు, ఒక పేజీ నిండా ఉండవచ్చు. పాత్ర మాట్లాడే మాట పద్యంలో ఉంటుంది, దాన్ని అందుకునే "అనిన విని" వంటిది కింది వచనంలో ఉంటుంది. వాక్యం గోడ దూకి పద్యంలోంచి వచనంలోకి వస్తుంది. కాబట్టి విమర్శకుడు పద్యం కింద రాసే "అని" కొత్త అలవాటేం కాదు. నన్నయ కాలంనుంచీ మన గద్యపద్యాల మధ్య రాకపోకలు ఆ దారినే జరుగుతున్నాయి.

సమీకరణానికి ఉన్న మర్యాద

పేరా అనే మాట పేరాగ్రాఫులోంచి వచ్చింది. అది గ్రీకు మాట. "పక్కన రాసినది" అని అర్థం. పాత గ్రీకు ప్రతుల్లో ఒక విషయం ముగిసినచోట, లేక మాట్లాడే పాత్ర మారినచోట పంక్తి మొదట కింద ఒక చిన్న గీత గీసేవారు. ఆ గీత పేరే ఇది. అంటే పేరా పుట్టుకలో ఒక సరిహద్దు గీత, లోపల సామాను పెట్టుకునే పెట్టె కాదు. గీతా పెట్టే అన్న ఈ తేడా కంప్యూటరులో చాలా గొడవ తెచ్చిపెట్టింది.

గణితం పుస్తకాలు అచ్చువేసేవారికి డొనాల్డ్ కనూత్ తయారుచేసిన టెక్ అనే పద్ధతి తెలుసు. 1970ల చివర మొదలయింది. అందులో పేరా ముగియాలంటే ఒక పంక్తి ఖాళీగా వదిలితే చాలు. అయితే ఆ ఖాళీల మధ్య ఉన్న పేరాని అది ఎంత గౌరవిస్తుందో చూడండి: పంక్తుల్ని ఎక్కడ విరవాలో ఒక్కొక్క పంక్తికీ విడివిడిగా కాక పేరా మొత్తాన్ని ముందు చదివి నిర్ణయిస్తుంది. ఈ విధానం మీద కనూత్, మైకేల్ ప్లాస్ కలిసి 1981లో రాసిన పత్రం ఇప్పటికీ చదవదగ్గది. పేరా మధ్యలో పెద్ద సమీకరణం వచ్చి, అది విడిగా ఒక పంక్తిలో నిలబడినా, టెక్ దృష్టిలో పేరా తెగదు. సమీకరణం దారిలో వచ్చిన స్టేషను. బండి ఆగి మళ్ళీ కదులుతుంది.

టెక్ మీద కట్టిన లేటెక్‌లో పద్యానికీ ఉల్లేఖనకీ ఇంచుమించు ఇదే మర్యాద దొరుకుతుంది. ఉల్లేఖన ముగిశాక ఖాళీ పంక్తి వదలకుండా రాస్తే, పాత పేరా కొనసాగుతోందని గ్రహించి ఎడమపక్క జాగా వదలకుండా వేస్తుంది. ఖాళీ పంక్తి వదిలితే కొత్త పేరా అనుకుని జాగా వదులుతుంది. రాసేవాడి మనసులో ఉన్న తేడా చెప్పడానికి ఒక దారి ఉంది. మన "అని"కి ఇక్కడ చోటుంది.

ఇక హెచ్.టి.ఎం.ఎల్. సంగతి. అణుభౌతిక శాస్త్రవేత్తల సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని మొదలుపెట్టినప్పుడు "పి" అనే గుర్తు గ్రీకు గీతలాంటిదే. రెండు పేరాల మధ్య పెట్టేవారు. 1995 నవంబరులో వచ్చిన రెండవ రూపంలో అది పెట్టె అయింది: తెరవాలి, మూయాలి, మూయడం మరచినా ఫరవాలేదు. అక్కడే చిక్కు వచ్చింది. ఆ పెట్టెలో మాటలు పెట్టవచ్చు, వాలు అక్షరాలు పెట్టవచ్చు, బొమ్మ పెట్టవచ్చు. జాబితా పెట్టకూడదు. ఉల్లేఖన పెట్టకూడదు. పేరా పెట్టె తెరిచి ఉండగా ఉల్లేఖన గుర్తు కనిపిస్తే బ్రౌజరు పేరాని తనంతట తనే మూసేస్తుంది.

ఇప్పుడు మన ద్రౌపది వాక్యాన్ని అందులో పెట్టి చూద్దాం. "కృష్ణుడితో ద్రౌపది" దగ్గర పేరా మూతపడింది. పద్యం ఉల్లేఖన పెట్టెలోకి వెళ్ళింది. తరువాత వచ్చిన "అని తన అవమానాన్ని గుర్తుచేస్తుంది" ఏ పెట్టెలోనూ లేదు, నట్టింట్లో నిలబడి ఉంది. ఆఖరున మనం శ్రద్ధగా పెట్టిన మూత గుర్తుకి మూయడానికి పెట్టె లేదు గనక బ్రౌజరు అక్కడ ఒక ఖాళీ పేరా కల్పిస్తుంది. ఇదేదో లోపం వల్ల జరిగేది కాదు. ప్రమాణంలో అక్షరాలా రాసి ఉన్న ప్రవర్తన. అదే ప్రమాణం మరోచోట, నిర్మాణం దృష్ట్యా పేరా అన్నదీ పి అనే గుర్తూ ఒకటి కావని ఒప్పుకుంటుంది. పేరా మధ్యలో జాబితా రావాలంటే పి మాని "డివ్" అనే సాదా పెట్టె వాడుకోమని సలహా ఇస్తుంది. అంటే పేరా అనే పేరున్న పెట్టెలో పేరా పట్టదు, పేరు లేని పెట్టెలో పడుతుంది!

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. గణిత సమీకరణాన్ని మాత్రం పి పెట్టె లోపల పెట్టనిస్తారు. సమీకరణం విడిగా ఒక పంక్తిలో నిలబడినా పేరా తెగదు. సమీకరణం వాక్యంలో భాగమని శాస్త్రజ్ఞులు అడిగి సాధించుకున్నట్టుంది. పద్యం కూడా వాక్యంలో భాగమేనని అడిగేవాడు లేకపోయాడు.

అడిగినవాళ్ళు అసలు లేరని కూడా అనలేం. ఎక్స్.హెచ్.టి.ఎం.ఎల్. రెండవ రూపం పేరుతో 2002నుంచి డబ్ల్యు3సి సంస్థ వెలువరించిన ముసాయిదాల్లో రెండు మంచి మార్పులున్నాయి. పేరా లోపల జాబితా, ఉల్లేఖన, పట్టిక పెట్టుకోవచ్చు. పంక్తిని విరవడానికి గుర్తు పెట్టడం మాని, పంక్తినే ఒక పెట్టెగా రాయవచ్చు. మన పద్యానికి కావలసినవి సరిగ్గా ఈ రెండే. కాని ఆ భాష పాత పేజీలతో పొత్తు కుదరనిది. బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళు దాన్ని భుజాన వేసుకోలేదు. 2009లో ఆ పనికి స్వస్తి చెప్పారు. పాతదాన్ని చెడగొట్టకూడదన్న పట్టుదలతో హెచ్.టి.ఎం.ఎల్. ఐదవ రూపం నిలిచింది, 2014లో అధికార ముద్ర పొందింది. వ్యాపారం దృష్టితో అది సరయిన నిర్ణయమే కావచ్చు. మన "అని" మాత్రం వీధిలోనే ఉండిపోయింది.

ఖాళీ పంక్తీ, ఎంటర్ మీటా

ఈమధ్య చాలామంది వాడుతున్నది మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ ప్రవేశపెట్టాడు. గుర్తులు తక్కువ, చూడడానికి ఈ-మెయిల్లా ఉంటుంది. పేరాల మధ్య ఒక ఖాళీ పంక్తి వదిలితే సరిపోతుంది. విడి పంక్తుల్ని అది లెక్కపెట్టదు, కలిపేస్తుంది. గద్యానికి ఇది హాయి. ద్విపదకి గండం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ఇందులో ఉన్నదున్నట్టు పోస్తే ఒక ఆశ్వాసం ఒక మహా పేరాగా ముద్దయిపోతుంది. పోనీ ద్విపదకీ ద్విపదకీ మధ్య ఖాళీ వదిలితే రెండేసి పాదాలు అతుక్కుని ఒక్కొక్క గద్య వాక్యంలా వందలకొద్దీ పేరాలు తయారవుతాయి. పంక్తి విరగాలంటే చివర రెండు ఖాళీలు కొట్టాలట. కంటికి కనిపించని ఖాళీల మీద కావ్యాన్ని నిలబెట్టడం ఎలాంటిదో ప్రతి దిద్దేవారిని అడగండి.

"అని" విషయంలో మార్క్‌డౌన్ చేసే పని ఇంకా చిత్రం. పద్యాన్ని ఉల్లేఖనగా గుర్తించి, కింద ఖాళీ వదలకుండా "అని" రాస్తే, రాసేవాడు బద్ధకించి గుర్తు పెట్టలేదనుకుని ఆ పంక్తిని కూడా ఉల్లేఖనలోకి లాగేసుకుంటుంది. తిక్కన నాలుగో పాదం పక్కన విమర్శకుడి క్రియాపదం వచ్చి కూర్చుంటుంది. ఖాళీ వదిలితే కొత్త పేరా. రెండూ తప్పే. మూడో దారి లేదు.

మన పెద్దలు ఎక్కువగా వాడేది వర్డ్. అందులో ఎంటర్ మీట నొక్కినప్పుడల్లా ఒక పేరా ముగుస్తుంది. నాలుగు పాదాలకి నాలుగుసార్లు ఎంటర్ కొడితే నాలుగు పేరాలు. వర్డ్ లోపల పాఠం అంతా ఇలా ఒకదాని తరువాత ఒకటి పేర్చిన పేరాల వరుస. పేరాలో పేరా ఉండదు, పద్యం అనే మూట ఉండదు. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే పేరా ముగియకుండా పంక్తి మాత్రమే విరుగుతుందని చాలామందికి తెలియదు. అయితే వర్డ్‌కి ఒక సుగుణం ఉంది. పేరాలకి మనం పేర్లు పెట్టుకోవచ్చు. "పద్యం", "తాత్పర్యం", "కొనసాగింపు" అని శైలులు తయారుచేసుకుంటే ఆ పేరు ఫైలులో నిలిచి ఉంటుంది. అంటే "క.", "సీ.", "వ." అని పెట్టే పాత పద్ధతి వర్డ్‌లో కూడా సాధ్యమే. సాధారణంగా మనం ఆ పని చెయ్యం. స్పేస్ బార్ కొట్టుకుంటూ పద్యాన్ని మధ్యకి తోస్తాం.

ఎవరికి నష్టం?

"బాబూ, తెర మీద పద్యం పద్యంలాగే కనిపిస్తోంది గదా, లోపల ఏ పెట్టె ఉంటే మాకేం?" అని అడిగేవారికి సమాధానం చెప్పాలి.

మా ఊళ్ళో వారాంతపు తెలుగు తరగతిలో పన్నెండేళ్ళ అమ్మాయి ఒక పద్యం మీద రాసిన వ్యాసాన్ని టాబ్లెట్‌లో చదువుతూ నన్ను అడిగింది: "అంకుల్, ఈ పేరా 'అని'తో ఎందుకు మొదలయింది? పైన పేరాలో సెంటెన్సు ఎందుకు మధ్యలో ఆగిపోయింది?" అచ్చులో అయితే "అని" ఎడమ అంచుకి ఆనుకుని, జాగా లేకుండా మొదలయ్యేది. కొత్త పేరా కాదని కన్ను పట్టేసేది. తెర మీద అన్ని పేరాల మధ్యా ఒకే ఖాళీ. ఇక్కడి బడిలో ఆ పిల్లకి పేరా అంటే ఒక పూర్తి ఆలోచన అని నేర్పారు. తెలుగు వ్యాసం రాసినవారికి ఆలోచన పూర్తిచేయడం రాదని అనుకుంటే ఆమె తప్పేముంది? మనం అలవాటు కొద్దీ ఆ గండిని దాటేస్తాం. ఇంట్లో విన్న మాటలతో తెలుగు చదవడం నేర్చుకున్న పిల్లలకి అలాంటి చిన్న గుర్తులే ఊతకర్రలు. అందులోనూ మన పిల్లల్లో చాలామంది చూసే తెలుగు పేజీ తెర మీదిదే.

చూపు లేనివారి సంగతి మరొకటి. పాఠాన్ని పైకి చదివే కొన్ని ఉపకరణాల్లో పేరానుంచి పేరాకి దూకడానికి ఒక మీట ఉంటుంది. ఆ ఉపకరణం తెర మీది అందాన్ని చూడదు, లోపలి పెట్టెల్ని లెక్కపెడుతుంది. ఏ పెట్టెలోనూ లేని "అని" దాని దారిలో తగలదు. పాదానికొక పేరాగా కొట్టిన సీసపద్యం ఎనిమిది గెంతులవుతుంది.

ఫోనులో సీసం ఇంకో కథ. అచ్చులో సీసపాదాన్ని రెండు పంక్తులుగా వేస్తారు. ఫోనులో ఆ పంక్తి కూడా పట్టక కిందికి జారుతుంది. జారిన ముక్క ఏదో, కొత్త పాదం ఏదో తెలియదు. ఒక్కొక్క పాదం విడి పెట్టెలో ఉంటే జారిన ముక్కని కాస్త లోపలికి జరిపి వెయ్యమని చెప్పడం ఒక్క పంక్తి పని. విరుపు గుర్తులతో నెట్టుకొచ్చిన పద్యానికి అది సులువుగా కుదరదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఫైలు ఒక రూపంనుంచి మరో రూపానికి మారేటప్పుడు జరుగుతుంది. మనవాళ్ళు ఇది ఒకసారి చూశారు. యూనికోడు వాడుకలోకి రాకముందు రకరకాల ఫాంటుల్లో కొట్టిన సంచికలూ పుస్తకాలూ తరువాత యూనికోడులోకి మార్చవలసి వచ్చింది. మార్చే సాఫ్టువేరుకి అక్షరాలు తెలుసు గాని పద్యం తెలియదు. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి శ్రమపడి ఒక శతకానికి వ్యాఖ్య రాసుకున్నారు. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు. నాలుగింటికీ నాలుగు రకాల అక్షరాలు, నాలుగు రకాల అంచులు. కొత్త రూపంలోకి మార్చాక అంచులు పోయాయి, అక్షరాల తేడా పోయింది. అన్నీ ఒకే సైజులో ఒకే వరుసలో దిగాయి. పద్యం చివరి పాదం ఎక్కడయిందో, ప్రతిపదార్థం ఎక్కడ మొదలయిందో ఆయనే వెతుక్కోవలసి వచ్చింది. ఒక్క అక్షరం పోలేదు. పుస్తకం పోయింది. అమరికని మాత్రమే నమ్ముకుంటే అమరికతో పాటు నిర్మాణమూ పోతుంది. ప్రతి పద్యానికీ "ఇది పద్యం" అన్న గుర్తు ఒకటి ఉండి ఉంటే అమరికని ఒక పూటలో తిరిగి కట్టుకోవచ్చు.

ప్రతిపదార్థం అన్నాను గనక ఒక మాట. అచ్చులో అది ఒకే పేరాగా సాగిపోతుంది. నిజానికి అది మాటల జాబితా: పదం, అర్థం, పదం, అర్థం. హెచ్.టి.ఎం.ఎల్.లో ఇలాంటి జంటలకి సరిపోయే జాబితా గుర్తు మొదటినుంచీ ఉంది. జాబితాగా గుర్తించి పేరాలా చూపించడమూ సాధ్యమే. అలా చేస్తే ఒక శతకం వ్యాఖ్యలోంచి పదకోశం దానంతట అదే పుట్టుకొస్తుంది. మంచి గుర్తు రేపటి పనికి పెట్టుబడి అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

విరిగిన మాట

ఇన్ని ఫిర్యాదులు చేశాక, బాగా చేసినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. 1987 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో సాహిత్య, భాషా పరిశోధకులూ కంప్యూటరు నిపుణులూ సమావేశమై, గ్రంథాల్ని కంప్యూటరులో దాచడానికి ఒక పద్ధతి కావాలని తీర్మానించారు. దాని పేరు టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్, పొట్టిగా టి.ఇ.ఐ. ఐదవ రూపం 2007లో వచ్చింది. ఇప్పటికీ దిద్దుతూనే ఉన్నారు. ఇందులో పాదానికి ఒక గుర్తు, పాదాల గుంపుకి ఒక గుర్తు, పేరాకి ఒక గుర్తు ఉన్నాయి. పేరా లోపల పాదాల గుంపు హాయిగా ఇమిడిపోతుంది. "ద్రౌపది", పద్యం, "అని గుర్తుచేస్తుంది" – మూడూ ఒకే పేరాలో ఉంటాయి. సాహిత్యం చదివేవాళ్ళు కట్టుకున్న ఇల్లు గనక సాహిత్యానికి గది ఉంది. దస్తావేజుల కోసం, పరిశోధన నివేదికల కోసం కట్టిన ఇళ్ళల్లో ఆ గది వెతకడం మన అత్యాశేమో.

అయితే మన పద్యం టి.ఇ.ఐ.ని కూడా పరీక్షకి నిలబెడుతుంది. వృత్తాల్లోనూ కందంలోనూ మాట పాదం చివర విరిగి తరువాతి పాదంలో పూర్తవడం మామూలే. "రామచం" ఒక పాదంలో, "ద్రుడు" మరో పాదంలో. మాట ఒక పెట్టె, పాదం ఒక పెట్టె అయితే ఈ మాట ఏ పెట్టెలో ఉంది? సగం ఇందులో, సగం అందులో. టి.ఇ.ఐ. ఆధారపడిన ఎక్స్.ఎం.ఎల్. నియమం ప్రకారం పెట్టెలో పెట్టె ఉండాలి గాని, ఒక పెట్టె మరో పెట్టె గోడ మీద కూర్చోకూడదు. 1990లో స్టీవెన్ డిరోజ్, డేవిడ్ డురాండ్, ఎల్లీ మైలోనస్, ఆలెన్ రెనియర్ అనే నలుగురు పాఠం అంటే ఏమిటన్న ప్రశ్న వేసి, ఒకదానిలో ఒకటి వరుసగా ఇమిడిన అంగాల అమరికే పాఠం అని వాదించారు. పద్యమూ వాక్యమూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటే ఉదాహరణలు ఎదురయ్యేసరికి వారిలోనివారే తరువాత ఆ వాదాన్ని సవరించుకున్నారు. వారు మన చంపువుని ముందే చూసి ఉంటే ఆ సవరణ ఇంకా తొందరగా వచ్చేదేమో అని నాకు సరదాగా అనిపిస్తుంది.

టి.ఇ.ఐ. దీనికి చెప్పే ఉపాయం లౌక్యమయినది. మాటని రెండు ముక్కలుగా రాసి, ఇది మొదటి ముక్క, ఇది చివరి ముక్క అని గుర్తు పెట్టమంటుంది. లేదా పాదాన్ని పెట్టెగా కాక గీతగా రాసి, ఈ గీత దగ్గర మాట విరగలేదని చెప్పమంటుంది. చూశారా, తిరిగి తిరిగి గ్రీకు గీత దగ్గరికే వచ్చాం. ఈ గుర్తు లేకపోతే "రామచంద్రుడు" అని వెతికిన పాఠకుడికి ఆ పద్యం ఎప్పటికీ దొరకదు.

టి.ఇ.ఐ. భారీ పద్ధతి. ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు సంచిక పని చూసే స్వచ్ఛంద సేవకుల్ని అదంతా నేర్చుకోమనడం న్యాయం కాదు. నేర్చుకోనక్కరలేదు కూడా. దాని ఆలోచన తీసుకుంటే చాలు: ఎలా కనిపించాలో తరువాత చూసుకుందాం, ముందు ఏమిటో చెబుదాం. ఐదు పేర్లతో మన పని చాలావరకు గడుస్తుంది. పేరా, పద్యం, పాదం, తాత్పర్యం, కొనసాగింపు. చివరిది మన "అని" కోసం. అది నిజానికి విడి పేరాయేనని హెచ్.టి.ఎం.ఎల్. మొండికేసినా, "కొనసాగింపు" అన్న పేరు తగిలించి ఉంటే జాగా లేకుండా, పైన ఖాళీ లేకుండా వెయ్యవచ్చు. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే ఆ పేరు చూసి దాన్ని పై పేరాతో కలపవచ్చు.

కాబట్టి సంచికకి వ్యాసాలు పంపేవారికి ఒక విన్నపం. పద్యాన్ని స్పేస్ బార్‌తో మధ్యకి తొయ్యకండి. పాదం చివర షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. పద్యం పేరా మీద "పద్యం" శైలి పెట్టండి. పద్యం కింద మీ వాక్యం ఇంకా సాగుతూ ఉంటే ఆ ముక్కకి "కొనసాగింపు" శైలి పెట్టండి. ఒక్కొక్క పద్యానికి పట్టే సమయం పది సెకన్లు. నిలిచేది మాత్రం కర్త ఒకచోటా క్రియ మరొకచోటా ఉన్నా ఎక్కడా తెగని మన వాక్యం.